సదస్సుకు నగరం ఎంపిక: రాలేకపోయినవారు ఏ లెక్కలోకి వస్తారు?

సంక్షిప్తంగా

అంతర్జాతీయ వృత్తి సదస్సులకు ఆతిథ్య నగరాన్ని సాధారణంగా కొన్నేళ్ల ముందే ఖరారు చేస్తారు. హాలు, హోటళ్లు, విమాన సర్వీసులు, స్థానిక ప్రోత్సాహకాలు ఆనాటికే తెలిసిపోతాయి. ఎవరికి వీసా వస్తుందో, ఎవరికి రాదో మాత్రం సదస్సు దగ్గరపడితే గానీ తేలదు. పైగా నిర్వాహకుల లెక్కల్లో వచ్చినవారే ఉంటారు, రాలేకపోయినవారు ఉండరు. నగరాల ఎంపికపై పదే పదే తలెత్తే వివాదాలకు మూలం చాలావరకు ఈ రెండింటిలోనే ఉంది.

2022 జులై నెలాఖరులో కెనడాలోని మాంట్రియల్‌లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు మొదలయ్యేనాటికి, ఆఫ్రికా దేశాల నుంచి రావలసిన ఎందరికో వీసా నిరాకరణ ఎదురైంది. మరికొందరి దరఖాస్తులకు అవుననో కాదనో జవాబే రాలేదు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ కార్యక్రమానికి అధిపతిగా ఉన్న విన్నీ బ్యాన్యిమా సైతం జెనీవా విమానాశ్రయంలో తన పత్రాలను మళ్లీ మళ్లీ పరిశీలించారనీ, ఆఖరి నిమిషంలో గానీ విమానం ఎక్కనివ్వలేదనీ బహిరంగంగా చెప్పారు. హెచ్‌ఐవీ భారాన్ని అందరికంటే ఎక్కువగా మోస్తున్న ఖండానికి చెందిన వైద్యులు, కార్యకర్తలు చాలామంది లేకుండానే ఆ వ్యాధిపై చర్చలు సాగాయి.

ఈ ఉదంతంలో మాంట్రియల్ నగరాన్ని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడి సమావేశ కేంద్రం నగరం నడిబొడ్డున, మెట్రో స్టేషన్‌ను ఆనుకుని ఉంది. అయినా అదే నగరంలో 2018 డిసెంబరులో జరిగిన న్యూరిప్స్ కృత్రిమ మేధ సదస్సుకూ ఇదే ఇబ్బంది వచ్చింది. ఆ సదస్సులో భాగంగా నల్లజాతి పరిశోధకుల కోసం ఏర్పాటైన వర్క్‌షాప్‌కు రావలసినవారిలో చాలామందికి కెనడా వీసాలు అందలేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు రంగాల సదస్సులు నాలుగేళ్ల తేడాతో ఒకే నగరంలో ఒకే గోడకు తగలడాన్ని కాకతాళీయంగా కొట్టిపారేయలేం. ఎంపిక జరిగే పద్ధతిలోనే ఈ గోడ కనిపించకుండా చేసే లోపం ఉంది.

పిలిచేది నగరం, తలుపు తీసేది దేశం

పెద్ద సదస్సులకు నగరాలు పోటీపడి బిడ్లు వేస్తాయి. వృత్తి సంఘం తన అవసరాలను, అంటే ఎంతమంది వస్తారు, ఎన్ని హాళ్లు కావాలి, ఎన్ని హోటల్ గదులు కావాలి అన్నవాటిని పత్రంగా రాసి పంపుతుంది. నగరాల తరఫున కన్వెన్షన్ బ్యూరోలు, అంటే నగరానికి సదస్సులను రప్పించే సంస్థలు, ప్రతిపాదనలు సమర్పిస్తాయి. వాటిలో హాలు అద్దెలో రాయితీ, ప్రతినిధులకు ఉచిత ప్రజా రవాణా పాసులు, స్వాగత విందు ఖర్చు వంటి ప్రోత్సాహకాలు ఉంటాయి. సంఘం ప్రతినిధులు ఒకటి రెండు నగరాలను చూసి వస్తారు, ఒప్పందంపై సంతకాలవుతాయి. వేలమంది వచ్చే సదస్సుల విషయంలో ఇదంతా మూడు నుంచి ఐదేళ్ల ముందే ముగుస్తుంది, ఇంకా ముందే ముగిసే సందర్భాలూ ఉన్నాయి.

ఈ ప్రక్రియలో బిడ్ వేసేది నగరం. సరిహద్దు మాత్రం నగరం చేతిలో ఉండదు. వీసా ఇచ్చేది జాతీయ ప్రభుత్వం, అందులోనూ నిర్ణయం తీసుకునేది ఎక్కడో మరో ఖండంలోని రాయబార కార్యాలయంలో కూర్చున్న అధికారి. కన్వెన్షన్ బ్యూరో ఎంత చిత్తశుద్ధితో హామీ ఇచ్చినా ఆ అధికారిపై దానికి అజమాయిషీ లేదు. అందుకే బిడ్ పత్రాల్లో వీసా గురించి ఉండే పేరా తరచూ ‘ఇన్ని దేశాల పౌరులకు వీసా అవసరం లేదు’ అన్న సమాచారంతో సరిపెట్టుకుంటుంది. అవసరమైనవారిలో ఎందరికి వస్తుందన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండదు.

నిర్ణయించేవారి అనుభవం కూడా ఎంపికను ప్రభావితం చేస్తుంది. సంఘాల కార్యవర్గాల్లో ఉండేవారు తరచూ ప్రయాణించేవారు, స్థిరమైన ఉద్యోగాల్లో ఉన్నవారు, చాలావరకు బలమైన పాస్‌పోర్టులున్నవారు. సింగపూర్ పాస్‌పోర్టుతో ముందస్తు వీసా లేకుండా 190కి పైగా దేశాలకు, ప్రాంతాలకు వెళ్లవచ్చు. అఫ్గానిస్థాన్ పాస్‌పోర్టుతో అలా వెళ్లగలిగినవి 30 కూడా ఉండవు. సింగపూర్ వంటి పాస్‌పోర్టు ఉన్నవారికి ఏ నగరమైనా ఒక విమాన టికెట్ దూరంలోనే కనిపిస్తుంది. ఇందులో దురుద్దేశం వెతకనవసరం లేదు, తమకు ఎదురుకాని అడ్డంకి గుర్తుకు రాకపోవడం మానవ సహజం. అయితే ఫలితం మాత్రం ఉద్దేశాన్ని బట్టి మారదు.

కాగితాల క్రమం, క్యాలెండర్ క్రమం

వీసా అవసరమైన పరిశోధకుడి దారి ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. న్యూరిప్స్ వంటి సదస్సులో సమర్పించిన పరిశోధన పత్రానికి ఆమోదం సాధారణంగా సెప్టెంబరు చివర్లో వస్తుంది. సదస్సు డిసెంబరు మొదట్లో ఉంటుంది. మధ్యలో ఉన్నది సుమారు పది వారాలు. ఆమోదం వచ్చాక రిజిస్ట్రేషన్ చెల్లించాలి, చెల్లించాకే చాలా సంస్థలు ఆహ్వాన లేఖ ఇస్తాయి, లేఖ చేతికి వచ్చాకే వీసా దరఖాస్తు నింపడం మేలు. అప్పటికి రెండు మూడు వారాలు గడిచిపోతాయి. ఆ తర్వాత ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూపు మొదలవుతుంది. కోవిడ్ తర్వాత 2022, 2023 సంవత్సరాల్లో కొన్ని నగరాల్లోని అమెరికా కాన్సులేట్లలో సందర్శక వీసా ఇంటర్వ్యూ కోసం వందల రోజులు ఆగవలసి వచ్చింది. పది వారాల క్యాలెండర్‌లో ఆ నిరీక్షణ ఇమడదు. తిరస్కరణ దాకా పోకుండానే అవకాశం చేజారుతుంది.

ఒకే వీసాతో తిరగగలిగే యూరప్‌లోని షెంగెన్ దేశాల నిబంధనలు కాగితం మీద మెరుగ్గా కనిపిస్తాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, దరఖాస్తు అందిన 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, అవసరమైతే ఆ గడువును 45 రోజులకు పొడిగించవచ్చు. అయితే ఈ 15 రోజులు దరఖాస్తు స్వీకరించిన తర్వాత మొదలవుతాయి. దరఖాస్తు ఇవ్వడానికి అపాయింట్‌మెంట్ దొరికేదాకా పట్టే కాలం ఈ లెక్కలో ఉండదు. రద్దీ నెలల్లో ఆ కాలమే అసలు గడువును మించిపోతుంది.

ఇక తిరస్కరణల తర్కం. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, తాత్కాలిక వీసా కోరే వ్యక్తి స్థిరపడే ఉద్దేశంతోనే వస్తున్నట్టు భావించాలి. కాదని నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుడిదే. ఈ సెక్షన్ కింద తిరస్కరిస్తే అప్పీలు ఉండదు. కెనడాలోనూ, మరికొన్ని దేశాల్లోనూ గడువు ముగిశాక తిరిగి వెళతారన్న నమ్మకం అధికారికి కలగాలి. స్వదేశంలో ఆస్తి, కుటుంబం, శాశ్వత ఉద్యోగం ఉంటే ఆ నమ్మకం సులువుగా కలుగుతుంది. పరిశోధక విద్యార్థికి ఇవేవీ ఉండవు. వయసు తక్కువ, పెళ్లి కాలేదు, ఆదాయం ఉపకార వేతనం, ప్రయాణ ఖర్చు భరించేది మరొకరు. తొలిసారి పత్రం సమర్పించే యువ పరిశోధకుడి రూపురేఖలు, అధికారి అనుమానించే వ్యక్తి రూపురేఖలు దాదాపు ఒకటే కావడం ఈ వ్యవస్థలోని అసలు చిక్కు. ఆ వ్యక్తి ఎందుకు వస్తున్నారో ఆహ్వాన లేఖ చెబుతుంది గానీ ఎందుకు తిరిగి వెళతారో చెప్పలేదు.

దారిలో మరిన్ని మలుపులున్నాయి. ఇరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం లేదు గనుక అక్కడివారు వీసా ఇంటర్వ్యూ కోసం అంకారా, యెరెవాన్, దుబాయ్ వంటి నగరాలకు వెళ్లడం చాలాకాలం పరిపాటిగా ఉండేది. అంటే సదస్సు ప్రయాణానికి ముందు మరో విదేశీ ప్రయాణం. అమెరికా విమానాశ్రయంలో విమానం మారడానికి కూడా, బయటకు అడుగు పెట్టకపోయినా, వీసా ఉండాలి. కాబట్టి లాటిన్ అమెరికాలో సదస్సు పెట్టినంత మాత్రాన అమెరికా వీసా సమస్య పూర్తిగా తప్పినట్టు కాదు, విమాన మార్గం ఎటు నుంచి వెళుతుందో కూడా చూడాలి. షెంగెన్ విమానాశ్రయాల్లో విమానం మారాలన్నా ఇథియోపియా, నైజీరియా, బంగ్లాదేశ్, శ్రీలంక సహా 12 దేశాల పౌరులకు ప్రత్యేక ట్రాన్సిట్ వీసా అవసరం.

వీసా చిక్కులు యువ పరిశోధకులకే పరిమితమూ కాదు. 2019 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ వ్యోమయాన సదస్సుకు చైనా జాతీయ అంతరిక్ష సంస్థ ఉపాధిపతి సకాలంలో వీసా అందక రాలేకపోయారు.

ఒకప్పుడు బయటకు వెళ్లనివ్వని దేశాలు, తర్వాత లోపలికి రానివ్వని దేశాలు

ఈ సమస్య కొత్తది కాదు. మారినదల్లా తలుపు ఏ వైపు నుంచి మూసుకుంటోందన్నదే. నాలుగేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ గణిత మహాసభల చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1950లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో సభ జరిగినప్పుడు, గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకోవలసిన ఫ్రెంచ్ గణితవేత్త లారాన్ ష్వార్ట్జ్‌కు వామపక్ష నేపథ్యం కారణంగా వీసా రావడమే గగనమైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇబ్బంది రెండో వైపు నుంచి వచ్చింది. 1970లో నీస్‌లో సెర్గెయ్ నోవికోవ్, 1978లో హెల్సింకీలో గ్రిగోరీ మార్గులిస్ తమ పతకాలను స్వయంగా అందుకోలేకపోయారు. సోవియట్ ప్రభుత్వం వారిని దేశం దాటనివ్వలేదు. నీస్ గానీ హెల్సింకీ గానీ చేయగలిగింది ఏమీ లేని సందర్భాలవి.

ఆతిథ్య దేశం విధానమే అడ్డంకి అయినప్పుడు సంఘాలు ఏం చేయగలవో చూపినది ఎయిడ్స్ సదస్సే. 1987 నుంచి అమెరికా హెచ్‌ఐవీ ఉన్న విదేశీయులకు ప్రవేశాన్ని నిషేధించింది. 1990లో శాన్ ఫ్రాన్సిస్కోలో సదస్సు జరిగినప్పుడు పలు సంస్థలు బహిష్కరించాయి. 1992లో బోస్టన్‌లో జరగవలసిన సదస్సును ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలించారు. నిషేధం 2010 జనవరిలో తొలగేదాకా సదస్సు అమెరికా గడ్డపై మళ్లీ అడుగుపెట్టలేదు. 2012లో గానీ వాషింగ్టన్‌కు చేరలేదు. మధ్యలో 2000లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు వెళ్లడంతో, వ్యాధి తీవ్రంగా ఉన్న ప్రాంతంలో తొలిసారి ఆ సదస్సు జరిగింది. ఆఫ్రికాలో చికిత్స అందుబాటుపై ప్రపంచ దృష్టి మళ్లడానికి ఆ వేదిక తోడ్పడింది. రెండు దశాబ్దాల పాటు ఒక పెద్ద దేశాన్ని పక్కనపెట్టిన ఇదే సదస్సుకు 2022లో మాంట్రియల్ అనుభవం ఎదురైందన్నది గమనించదగిన విషయం. నిషేధం చట్టంలో రాసి ఉంటే దానికి ఎదురు నిలవడం తేలిక. ఒక్కొక్క దరఖాస్తుగా, ఒక్కొక్క కారణంతో జరిగే తిరస్కరణకు వ్యతిరేకంగా నిలవడానికి చేతికి చిక్కే అంశమే ఉండదు.

ప్రభుత్వాల మధ్య సమావేశాలకు కొంత రక్షణ ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయం విషయంలో 1947 నాటి ఒప్పందం అమెరికాపై బాధ్యత మోపుతుంది. 1988లో యాసర్ అరాఫత్‌కు వీసా నిరాకరించినప్పుడు సర్వప్రతినిధి సభ పాలస్తీనాపై చర్చకు జెనీవాకే తరలివెళ్లింది. వృత్తి సంఘాలకు అలాంటి ఒప్పందమూ లేదు, అలా రాత్రికి రాత్రి తరలిపోయే స్తోమతా లేదు.

వీల్‌చెయిర్ దారిలో ఒక్క మెట్టు చాలు

అందుబాటు అనగానే వీసాలతో పాటు గుర్తుకు రావలసినది శారీరక సౌలభ్యం. ఇక్కడి లోపం వీసా లోపం కంటే భిన్నంగా ఉంటుంది. 2021 నవంబరు 1న గ్లాస్గోలో వాతావరణ సదస్సుకు వచ్చిన ఇజ్రాయెల్ ఇంధన మంత్రి కరీన్ ఎల్హరార్ వీల్‌చెయిర్ వాడతారు. ఆమె వాహనాన్ని ప్రాంగణంలోకి అనుమతించలేదు, లోపలికి తీసుకెళ్లే షటిల్ బస్సు వీల్‌చెయిర్‌కు అనువుగా లేదు. సుమారు రెండు గంటలు బయటే వేచి ఉన్న తర్వాత ఆమె ఎడిన్‌బరోలోని హోటల్‌కు వెనుదిరిగారు. బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు, మర్నాడు ఆమె సదస్సులో పాల్గొన్నారు. సమావేశ కేంద్రం లోపల ర్యాంపులు, లిఫ్టులు ఉన్నంత మాత్రాన ప్రయోజనం లేకపోయింది. భద్రతా వలయం, గేటు, బస్సు అన్న మూడు తాత్కాలిక ఏర్పాట్లు శాశ్వత భవనపు సౌలభ్యాన్ని వ్యర్థం చేశాయి. ఒక దేశపు మంత్రికి క్షమాపణతో పాటు మర్నాడు దారి దొరికింది. సాధారణ ప్రతినిధి అయితే ఆ ఉదయమే ఇంటిముఖం పట్టి ఉండేవారు.

బిడ్ పత్రాల్లో ‘వేదిక పూర్తిగా అందుబాటులో ఉంది’ అన్న వాక్యం భవనం గురించే చెబుతుంది. ప్రతినిధి ప్రయాణం మాత్రం ఇంటి నుంచి మొదలవుతుంది. అమెరికా రవాణా శాఖ ప్రచురించే లెక్కల ప్రకారం అక్కడి విమాన సంస్థలు తీసుకెళ్లే ప్రతి 100 వీల్‌చెయిర్లు, స్కూటర్లలో ఒకటికి పైగా దెబ్బతినడమో, ఆలస్యంగా చేరడమో, పోవడమో జరుగుతోంది. ప్రతి విమాన మార్పిడితో ఆ ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి నేరుగా విమానం ఉండటం ఇతరులకు సౌకర్యం మాత్రమే కావచ్చు గానీ, వీల్‌చెయిర్ వాడేవారికి ఆ నగరానికి వెళ్లాలా వద్దా అన్నదాన్నే తేల్చే అంశం.

నగర రవాణాలో తేడాలు ఇంకా స్పష్టం. అంతర్జాతీయ సంఘాల సమావేశాలను లెక్కించే ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ ఐసీసీఏ ఏటా వెలువరించే నగరాల జాబితాలో ప్యారిస్, వియన్నా ఎప్పుడూ పైవరుసలోనే ఉంటాయి. కనీసం మూడు దేశాల మధ్య తిరుగుతూ క్రమం తప్పకుండా జరిగే, కనీసం 50 మంది పాల్గొనే సమావేశాలనే ఆ సంస్థ లెక్కిస్తుంది. ఆ కొలత ప్రకారం రెండు నగరాలూ సమానులే. కానీ 1900లో మొదలైన ప్యారిస్ మెట్రోలోని 16 లైన్లలో మెట్లు లేకుండా పూర్తిగా తిరగగలిగినది 1998లో ప్రారంభమైన 14వ లైను ఒక్కటే. బస్సులు, ట్రామ్‌లు మెరుగు. వియన్నా మెట్రోలో అన్ని స్టేషన్లకూ లిఫ్టో ర్యాంపో ఉంది. యూరోపియన్ కమిషన్ ఇచ్చే అందుబాటు నగర పురస్కారం 2025కు వియన్నాకే దక్కింది. ఎన్ని సమావేశాలు జరిగాయన్న లెక్కకూ, ఎవరు రాగలిగారన్న లెక్కకూ మధ్య ఉన్న దూరం ఈ ఒక్క పోలికలోనే కనిపిస్తుంది.

హోటళ్ల సంగతీ అంతే. పెద్ద హోటల్‌లో వందల గదులున్నా, మెట్టు గానీ గట్టు గానీ లేని స్నానాల గది ఉన్నవి కొద్దిగానే ఉంటాయి. వీల్‌చెయిర్ వాడే ప్రతినిధులు ఇరవై మంది వస్తే అవి ఒక హోటల్‌లో చాలవు. మిగిలినవారు దూరంగా దిగాలి. వినికిడి లోపం ఉన్నవారికి సంజ్ఞా భాషా అనువాదకులు కావాలి. వారు ఇద్దరు చొప్పున, ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారుతూ పనిచేస్తారు గనుక సమాంతరంగా ఎన్ని సెషన్లు జరిగితే అన్ని జతలు అవసరం. ఇంగ్లిష్ మాట్లాడే దేశాలే అయినా అమెరికా సంజ్ఞా భాష, బ్రిటన్ సంజ్ఞా భాష ఒకదానికొకటి అర్థం కావు. స్థానికంగా దొరికే అనువాదకులు ఎవరికి ఉపయోగపడతారో ముందే అడగకపోతే చివరికి ఖర్చుకు ఖర్చూ అవుతుంది, ఇబ్బందీ మిగులుతుంది.

డబ్బు సంగతి

ఖర్చు అనగానే విమాన టికెట్, హోటల్ గుర్తుకొస్తాయి. వీసా ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది: షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి 90 యూరోలు, అమెరికా సందర్శక వీసా దరఖాస్తుకు 2023 నుంచి 185 డాలర్లు. తిరస్కరించినా ఈ రుసుము వెనక్కి రాదు. దానికి కాన్సులేట్ ఉన్న నగరానికి రానుపోను ప్రయాణం, బీమా, రద్దు చేసుకోగల టికెట్ కోసం చెల్లించే అదనపు మొత్తం కలుస్తాయి. చాలా ప్రయాణ సహాయ నిధులు ముందు ఖర్చు పెట్టుకోమని, బిల్లులు చూపితే తర్వాత తిరిగి ఇస్తామని అంటాయి. నెలల జీతానికి సమానమైన మొత్తాన్ని ముందే పెట్టగలిగినవారికే ఆ సహాయం అందుతుంది. ఎవరి కోసం నిధి ఏర్పడిందో వారికే అది అక్కరకు రాకుండా పోయే పరిస్థితి ఇది. నిర్వాహకులే నేరుగా టికెట్ కొని ఇచ్చే పద్ధతి కొంచెం శ్రమతో కూడినదే అయినా ఈ చిక్కును తీరుస్తుంది.

చట్టాలు, అనిశ్చితి

కొందరికి ప్రవేశం సులువే, భద్రతే ప్రశ్న. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ తన వందో సమావేశాన్ని 2017 నవంబరులో సింగపూర్‌లో పెట్టినప్పుడు, అక్కడ పురుషుల మధ్య స్వలింగ సంబంధాలను నేరంగా పరిగణించే చట్టం ఉండటంపై సభ్యుల్లో తీవ్ర చర్చ జరిగింది. సమావేశం అక్కడే జరిగింది, ఆ చట్టాన్ని సింగపూర్ 2022లో రద్దు చేసింది. వీసాల పరంగా సింగపూర్ చాలామందికి సులువైన చోటు. అదే చోటు మరికొందరికి వెళ్లాలా వద్దా అన్న సందేహం కలిగించింది. ఒకరికి తెరుచుకున్న తలుపు మరొకరికి మూసుకుపోవడం నగరాల ఎంపికలో మినహాయింపు కాదు, దాదాపు నియమం.

ముందుచూపుకు అందని ఘటనలూ ఉంటాయి. 2016 జులైలో టర్కీలో సైనిక తిరుగుబాటు ప్రయత్నం జరగడంతో, రెండు వారాల్లో ఇస్తాంబుల్‌లో మొదలు కావలసిన అంతరిక్ష పరిశోధన సదస్సు కోస్పార్ రద్దయింది. 2022లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగవలసిన గణిత మహాసభను ఉక్రెయిన్‌పై రష్యా దండయాత్ర మొదలైన రోజుల వ్యవధిలోనే ఆన్‌లైన్‌కు మార్చారు. ఏళ్ల ముందే నగరాన్ని ఖరారు చేసే పద్ధతికి ఇవి తప్పని మూల్యాలు.

సంస్థలు ప్రయత్నిస్తున్న దారులు

మొదటి దారి చక్రభ్రమణం. ఐఈటీఎఫ్ ఏటా జరిపే మూడు సమావేశాలను ఉత్తర అమెరికా, యూరప్, ఆసియాల మధ్య తిప్పుతుంది. 2020లో ప్రచురించిన దాని నిబంధనల్లో వేదికకూ హోటళ్లకూ వీల్‌చెయిర్ సౌకర్యం తప్పనిసరి షరతుగా ఉంది. రాదలచినవారిలో అత్యధికులు వీసా వంటి అడ్డంకులు దాటి రాగలగాలన్నది మాత్రం ‘ముఖ్యమైన’ అంశాల్లో చేరింది. ఈ విభజనలో తర్కం ఉంది. ర్యాంపు ఉందో లేదో వెళ్లి చూసి చెప్పవచ్చు, వీసా వస్తుందో రాదో ఎవరూ హామీ ఇవ్వలేరు. హామీ ఇవ్వలేనిదాన్ని తప్పనిసరి చేస్తే ఏ నగరమూ మిగలదు.

రెండో దారి నగరాన్నే వీసా కోణం నుంచి వెతకడం. యంత్ర అభ్యాస (మెషీన్ లెర్నింగ్) పరిశోధకుల ఐసీఎల్ఆర్ సదస్సు 2020లో అడిస్ అబాబాలో జరగవలసి ఉండగా కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌కు మారింది. 2023 మేలో రువాండా రాజధాని కిగాలీలో జరిగింది. రువాండా 2018 నుంచి అన్ని దేశాల పౌరులకూ విమానాశ్రయంలోనే వీసా ఇస్తోంది. మరుసటి ఏడాది అదే సదస్సు వియన్నాకు వెళ్లింది. ఈ రెండు నగరాలను పక్కపక్కన పెడితే ఎంపికలోని బేరం బోధపడుతుంది. కిగాలీలో సరిహద్దు అందరికీ తెరిచి ఉంటుంది, కానీ అది కొండల మీద విస్తరించిన నగరం, దూర ఖండాల నుంచి నేరుగా వచ్చే విమానాలు తక్కువ. వియన్నాలో మెట్రో స్టేషన్లన్నీ వీల్‌చెయిర్‌కు అనువే, కానీ షెంగెన్ వీసా దాటి రావాలి. ఒక నగరమే రెండు అవసరాలూ తీర్చదు గనుక ఏళ్ల వారీగా ఎవరి వంతు ఎప్పుడో చూడటమే మిగిలే మార్గం. ఆ సదస్సు తర్వాత సింగపూర్‌కు, ఆపై రియో డి జనీరోకు వెళ్లేలా ఖరారు కావడం ఆ ఆలోచనకు దగ్గరగానే ఉంది.

మూడో దారి ఒకే సదస్సుకు ఒకటికి మించిన వేదికలు. 2018లో సంగీత గ్రహణ శాస్త్రవేత్తల సదస్సు గ్రాజ్, మాంట్రియల్, లా ప్లాటా, సిడ్నీ నగరాల్లో ఏకకాలంలో జరిగింది. 2025 డిసెంబరులో శాన్ డియాగోలో జరిగిన న్యూరిప్స్‌కు మెక్సికో సిటీలో రెండో వేదికను ఏర్పాటు చేశారు. అమెరికా వీసా ఇబ్బందులు అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికా వీసా ఉన్నవారిని మెక్సికో తన వీసా లేకుండానే రానిస్తుంది. అది లేని పలు దేశాలవారు మెక్సికో వీసాకూ దరఖాస్తు చేసుకోవలసిందే. కాబట్టి రెండో వేదిక ఎంతమందికి తోడ్పడుతుందన్నది ఆ రెండో దేశపు వీసా జాబితాను బట్టి ఉంటుంది. ఆన్‌లైన్ భాగస్వామ్యం సరిహద్దులను దాటిస్తుంది గానీ, కాఫీ విరామంలో కుదిరే పరిచయాలు, ఉద్యోగాలు, ఉమ్మడి పనులు తెర మీద కుదరడం అరుదు. రాలేనివారిని ఎప్పటికీ తెరకే పరిమితం చేస్తే రెండు తరగతుల సభ్యత్వం ఏర్పడుతుంది.

నిధులతో దారి వేసిన ఉదాహరణా ఉంది. 2014లో సియోల్ గణిత మహాసభ నిర్వాహకులు అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి 1,000 మంది గణితవేత్తలకు ప్రయాణ సహాయం ప్రకటించారు. అదనంగా చేర్చిన దాతృత్వంగా కాకుండా, ఆతిథ్యం కోరుతూ ఇచ్చిన హామీలోనే భాగంగా ఆ సహాయం ఉండటం దాని బలం.

ఒప్పందంలో ఏముంటుంది, లెక్కల్లో ఏముండదు

హోటల్ ఒప్పందాల్లో సాధారణంగా ఒక నిబంధన ఉంటుంది: ముందే కేటాయించిన గదుల్లో నిర్ణీత వాటా నిండకపోతే ఆ తేడాను నిర్వాహకులే భరించాలి. యుద్ధం, మహమ్మారి, ప్రకృతి విపత్తు వంటివాటికి మినహాయింపు ఉంటుంది. ప్రతినిధులకు వీసాలు రాకపోవడం సాధారణంగా ఆ జాబితాలో ఉండదు. సంతకం పడ్డాక ఆతిథ్య దేశం తన వీసా విధానాన్ని కఠినం చేసినా సంఘం తప్పుకోవాలంటే భారీ మొత్తం చెల్లించాలి. అందుకే ఆక్షేపణలు వచ్చిన చాలా సందర్భాల్లో సంఘాలు విచారం వ్యక్తం చేసి, ఆన్‌లైన్ సదుపాయం కలిపి, సదస్సును అక్కడే జరుపుతాయి. ఆతిథ్య దేశం ప్రవేశ నిబంధనలు గణనీయంగా మారితే తప్పుకునే వీలు కల్పించే నిబంధనను బేరం జరుగుతున్నప్పుడే అడగవచ్చు. నగరాలు పోటీపడుతున్న ఆ కొద్ది నెలల్లోనే సంఘాలకు ఆ బలం ఉంటుంది.

లెక్కల విషయంలో మరింత సులువైన పని ఒకటుంది. ఆహ్వాన లేఖలు ఇచ్చేది నిర్వాహకులే కాబట్టి, ఎన్ని లేఖలు ఏ దేశాలవారికి ఇచ్చారో వారి దగ్గర ఉంటుంది. ఆ పేర్లను హాజరు పట్టికతో పోల్చి, రానివారికి కారణం అడిగితే, తిరస్కరణ ఎంత, జవాబు రానివి ఎన్ని, డబ్బు చాలక మానుకున్నవారెందరో తేలుతుంది. అసలు దరఖాస్తే చేయనివారు ఇందులోకి రారు. ఫలానా నగరమని ప్రకటించగానే ప్రయత్నం మానుకున్నవారి లెక్క కోసం సభ్యులందరినీ విడిగా అడగాలి. ఈ వివరాలు ఒకటి రెండు విడతల పాటు పోగైతే తర్వాతి బిడ్ పత్రంలో వీసా గురించి అడిగే ప్రశ్న మారుతుంది. ఎన్ని దేశాలకు వీసా అవసరం లేదన్న సమాచారంతో పాటు, గత మూడేళ్లలో ఆ నగరంలో జరిగిన సదస్సులకు దరఖాస్తు చేసినవారిలో ఎందరికి, ఎన్ని రోజుల్లో వీసా అందిందో చెప్పమని కన్వెన్షన్ బ్యూరోను అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబివ్వాలంటే బ్యూరోలు తమ విదేశాంగ శాఖలను అడగవలసి వస్తుంది. కొన్ని నగరాలకు ఆ అలవాటు ఇప్పటికే ఉన్నా, పోటీలో మార్కులు పడనంత కాలం మిగిలినవాటికి ఆ శ్రమ పడే కారణం కనిపించదు.